ప్రశ్న వినని పౌరాణికుడు

పురాణ శ్రవణానికి వచ్చే భక్తులు ఒక విషయాన్ని గమనించే ఉంటారు. మన ఇతిహాస పురాణాలు చెప్పేవానితో కాక అడిగేవానితో మొదలవుతాయి. ఈ లోకంలో సకల సద్గుణ సంపన్నుడెవరని వాల్మీకి నారదుని అడిగితే రామాయణానికి బీజం పడింది. నైమిశారణ్యంలో శౌనకాది మునులు కోరితే సూతుడు భారతం వినిపించాడు. ఏడు దినాలలో మరణించవలసిన పరీక్షిత్తు, అట్టివాడు వినదగినదేమిటని అడిగితే శుకయోగి భాగవతం చెప్పాడు. అర్జునుడు సందేహం మీద సందేహం అడుగుతుంటే గీతాచార్యుడు ఒక్కసారి కూడా విసుగుకొనలేదు. నవవిధ భక్తులలో శ్రవణమే మొదటిదని తరచుగా చెప్పుకొంటాం. ఆ శ్రవణం గోడకు జేరగిలబడి వినే శ్రవణం కాదు. మధ్యలో చేతులు జోడించి "స్వామీ, అదెలా?" అని అడిగే అధికారం ఉన్న శ్రవణం.

ఈ సంగతి ఈ మధ్య ఒక ఆదివారం ఉదయం నాకు బలంగా తట్టింది. నేను ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. ఏలూరులో మా వీధి ఆలయ మండపంలో ఆదివారాలు పిల్లలకు భారత రామాయణ కథలు చెబుతుంటాను. ఆ రోజు "భీముని సోదరులెవరు?" అని అడిగాను. రెండో తరగతి చదివే బాలుడొకడు తటాలున లేచి, "రాజు, చుట్కీ, జగ్గు!" అన్నాడు. పక్కనున్న పిల్ల వాణ్ణి సరిదిద్దింది: "జగ్గు కోతిరా, తమ్ముడు కాదు." వెనుక కూర్చున్న తల్లిదండ్రులు ఘొల్లున నవ్వారు. నాకూ నవ్వు వచ్చిన మాట నిజమే. ఇంటికి వెళ్లేసరికి ఆ నవ్వు మిగలలేదు.

ఆ పేర్లు ఎక్కడివో పిల్లలున్న ఇళ్లలో వేరే చెప్పనక్కరలేదు. 'ఛోటా భీమ్' అనే బొమ్మల ధారావాహిక 2008లో పోగో ఛానెల్లో మొదలైంది. దానిని తయారు చేసింది మన హైదరాబాదులోనే, రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ. ఢోలక్‌పూర్ అనే కల్పిత రాజ్యంలో లడ్డూ తినగానే బలం పుంజుకొనే బాలుని కథ అది. అతడే పాండవులలోని భీముడని చెప్పి వారు ఎవరినీ మోసగించలేదు. భీముడనే పేరు, బలం, తిండి, ఈ మూడింటినీ కలుపుకొని ఆ బాలుడు తనంతట తానే ఒక భారతం కట్టుకొన్నాడు. బుద్ధిమంతుడు కనుకనే కట్టుకొన్నాడు. "ఈ భీముడు వేరు నాన్నా, ఆ భీముడు వేరు" అని చెప్పేవారు ఆ సమయంలో పక్కన లేరు. ఉండి ఉంటే టీవీ వల్లనే వానికి భారతం మీద ఆసక్తి పుట్టేది.

టీవీ మన దేశానికి చెడగొట్టడానికి వచ్చిన వస్తువు కాదు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రసారాలు మొదలయ్యాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు విద్యా ప్రసారాలు అందించారు. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం రైతులకు, గృహిణులకు పనికివచ్చే సంగతులు, అదీ తెలుగులో. ఆ పెట్టెలు ఎవరి ఇంట్లోనూ లేవు. బడిలోనో ఊరి ఉమ్మడి స్థలంలోనో ఉండేవి. జనమంతా చేరి చూసేవారు. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. మా కొల్లేటి పల్లెలకు టీవీ మరికొంత ఆలస్యంగా చేరింది.

నేను అప్పట్లో కొల్లేటి లంక గ్రామం ఒకదానిలో పనిచేసేవాణ్ణి. వానకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సు నిండితే దోనెమీదనే బడికి వెళ్లవలసి వచ్చేది. చేపల చెరువులు విస్తరిస్తున్న రోజులవి. చెరువుల డబ్బుతోనే ఊళ్లోకి మొదటి టీవీ వచ్చింది. ఒక చేపల రైతు ఇంటి అరుగుమీద దానిని పెట్టారు. 1987 జనవరి 25న రామానంద్ సాగర్ రామాయణం మొదలైంది మొదలు ఆదివారం ఉదయం ఆ అరుగు ఆలయమైపోయేది. చెప్పులు దూరాన విడిచేవారు. టీవీకి కుంకుమ బొట్టు పెట్టి, అగరువత్తులు వెలిగించేవారు. దేశమంతటా ఇదే వరస అని పత్రికలలో చదివేవాళ్లం. 52 భాగాలుగా అనుకొన్న ఆ ధారావాహిక జనాదరణ వల్ల 78 భాగాలై 1988 జూలై 31 వరకు నడిచింది. తరువాత ఉత్తర రామాయణం, 1988 అక్టోబరు 2 నుంచి బి.ఆర్. చోప్రా మహాభారతం వచ్చాయి.

చిక్కేమిటంటే ఆ రామాయణం హిందీలో ఉండేది. మా లంకలో హిందీ వచ్చినవారు ఇద్దరే. ఒకరు మా బడి హిందీ మాస్టారు. రెండవవారు ఏళ్ల తరబడి ఉత్తరాదిన ఉండి తిరిగివచ్చిన ఒక పెద్దాయన. ఆయన టీవీ పక్కన పీట వేసుకొని కూర్చొని, ఒక్కొక్క సంభాషణనూ తెలుగులో చెప్పేవారు. అనువాదం కొంత, సొంత వ్యాఖ్యానం కొంత. సీతమ్మ గీత దాటిన రోజున ఒక పిల్ల ఏడుస్తూ, "ఎందుకు దాటింది తాతా?" అని అడిగింది. ఆయన అక్కడితో ఆగక, ఆ గీత వాల్మీకంలో లేదనీ, మన తెలుగు రంగనాథ రామాయణంలో ఉందనీ, వాల్మీకి ప్రకారం సీతమ్మ వాకిటికి వచ్చిన సన్యాసిని అతిథిగా భావించి ఆదరించిందనీ చెప్పారు. ఈలోగా టీవీలో రావణుని రథం ఎంతదూరం పోయిందో ఎవరికీ పట్టలేదు. కరెంటు పోతే మరీ మేలు. ఎవరో ట్రాక్టరు బ్యాటరీకోసం పరుగెత్తేవారు. అది వచ్చి తగిలించేలోపు మిగిలిన కథ ఆయనే చెప్పేసేవారు. ఆ ఏడాదిన్నరలో నా తరగతి పిల్లలకు రామాయణం వచ్చినంత బాగా నా పాఠాలవల్ల ఎన్నడూ రాలేదు. ఆ ఘనత టీవీకి ఎంత, ఆ పీటమీది పెద్దాయనకు ఎంత అన్నది అప్పుడు నేను ఆలోచించలేదు.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. అంతా తెలుగే. అనువాదకునితో పని లేకపోయింది. ఇంటింటికీ టీవీ వచ్చింది కనుక అరుగుతోనూ పని లేకపోయింది. మన భాషలో కార్యక్రమాలు రావడం సంతోషించవలసిన విషయమే. 'అన్నదాత' చూసి మందుల మోతాదు మార్చుకొన్న రైతులు నాకు తెలుసు. 2008లో తిరుమల తిరుపతి దేవస్థానాల వేంకటేశ్వర భక్తి ఛానెల్ ప్రారంభమయ్యాక, మంచం దిగలేని మా అమ్మగారు రోజూ స్వామివారి కల్యాణం చూసి, తలంబ్రాల వేళ మంచంమీదనే చేతులు జోడించేవారు. టీవీని నిందించడానికి నాకు నోరు రాదు. కాని పీట ఖాళీ అయిందన్న సంగతి మేమెవరమూ గమనించలేదు. నేనైతే అసలే గమనించలేదు. దానికి ఫలితం నేనే చూడవలసి వచ్చింది.

1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో 'శక్తిమాన్' మొదలైంది. గిరగిర తిరుగుతూ ఆకాశానికెగిరే వీరుని కథ. ఆ మరుసటి ఏడు ఏడో తరగతిలో పద్యం చెబుతుండగా చివరి బల్లమీది కుర్రవాడు లేచి, "మాస్టారూ, శక్తిమాన్ నిజంగా ఉన్నాడాండీ?" అని అడిగాడు. తరగతి నవ్వింది. "ముందు పద్యం అప్పజెప్పు, తర్వాత శక్తిమాన్ సంగతి చూద్దాం" అన్నాను. మరికాస్త నవ్వారు. వాడు కూర్చున్నాడు. రెండు వారాలు గడిచాక ఒక సోమవారం వాడు బడికి రాలేదు. ముందురోజు గడ్డివాము పైకెక్కి, చేయి పైకెత్తి, గిరగిర తిరిగి దూకాడట. కుడిచేయి రెండుచోట్ల విరిగింది. కింద గడ్డి పరచి ఉంది కనుక సరిపోయింది. నేను చూడబోతే వాడు నన్ను చూసి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడవలసింది వాడు కాదు.

అటువంటి వార్తలు ఆ రోజులలో దేశంలో పలుచోట్ల నుంచి వచ్చాయి. ఆ పాత్ర ధరించిన ముఖేష్ ఖన్నా స్వయంగా పిల్లలకు హితవు చెప్పవలసి వచ్చింది. కథ ముగిశాక పిల్లలు తమ తప్పు ఒప్పుకొని శక్తిమాన్‌కు క్షమాపణ చెప్పుకొనే చిన్న భాగం కూడా ఆ కార్యక్రమంలో ఉండేది. మంచి ప్రయత్నమే. అయినా టీవీ తాను చెప్పదలచినదే చెబుతుంది. చివరి బల్లమీది బాలుని ప్రశ్న దానికి వినిపించదు. అభిమన్యుడు తల్లి గర్భంలో పద్మవ్యూహ ప్రవేశం విన్నాడనీ, తల్లికి నిద్రపట్టడంతో నిర్గమనం వినలేదనీ పెద్దలు చెప్పుకొనే కథ ఉన్నది కదా. మా కుర్రవాడు ఎగరడం చూశాడు. ఎగురుతున్నవాని నడుముకు తాడు కట్టి ఉంటుందనీ, ఆ తాడు కనపడకుండా చేస్తారనీ చెప్పవలసినవాణ్ణి నేను.

ఈ విషయం ఆధునికులు కూడా పరిశీలించారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1961లో మూడేళ్లు మొదలు ఆరేళ్లలోపు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. గాలి నింపిన పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి కొట్టడం, తన్నడం, సుత్తితో మోదడం కొందరు పిల్లలకు చూపించారు. తరువాత ఆ పిల్లలను బొమ్మ దగ్గర వదలితే అవే దెబ్బలు, అవే తిట్లు. రెండేళ్ల తరువాత అదే దృశ్యాన్ని తెరమీద చూపినా ఫలితం మారలేదు. ఇంకొక ప్రయోగం 1965 నాటిది. అందులో కొట్టినవానికి శిక్ష పడినట్లు చూపితే పిల్లలు తక్కువగా అనుకరించారు. దుష్టునికి చివరిలో శిక్ష పడుతుంది కదా, ఇక భయమేమిటని అనుకొనేవారు తరువాతి మాట వినాలి. చూసినది చేసి చూపిస్తే బహుమానమిస్తామనగానే ఆ పిల్లలు కూడా అన్నీ చేసి చూపించారు. అంటే చేయలేదు గాని, నేర్చుకొన్నారు. లోపల దాచుకొన్నారు.

దీనిని చదివాక మా మండపంలోని ఒక చిన్న పిల్ల మాట నాకు వేరుగా వినిపించింది. పలక లాక్కొన్న చెల్లెలితో, కనుబొమ పైకెత్తి, నెమ్మదిగా, "నీ సంగతి ఎలా చూడాలో నాకు తెలుసు" అన్నది. ఆ మాట, ఆ కనుబొమ ఆరేళ్ల పిల్లవి కావు. సాయంత్రం దీపాలవేళ మనింట్లో నడిచే ధారావాహికలోని అత్తగారివి. ఆ సమయంలో పిల్ల చూడటం లేదని, అక్కడ కూర్చొని హోంవర్కు చేసుకొంటున్నదని తల్లి నాతో అన్నది. నిజమే, పిల్ల చూడలేదు. విన్నది.

చూపే కథ మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇంతకాలంగా చేస్తున్నాం. అది చేయవలసినదే. కాని ఏ కథా లేని వయసు ఒకటి ఉన్నది. అక్కడ చర్చ వేరు. ఈ ముక్క నా ఇంటి సంగతి.

మా అమ్మాయి, అల్లుడుగారు తాడేపల్లిగూడెంలో ఉంటారు. ఇద్దరూ ఉద్యోగులు. మనవడికి అన్నం పెట్టేటప్పుడు బొమ్మల పాటలు పెట్టడం అలవాటైంది. మొదట టీవీలో, తరువాత ఫోనులో. పిల్లవాడు మారు మాట్లాడకుండా తినేవాడు. చూసి మేమూ మురిసిపోయాం. వాడు మా ఇంటికి వచ్చినప్పుడు వార్తలలో ఆరుగురు ఒకేసారి అరుచుకొనే చర్చ పెట్టుకొని కూర్చున్నవాణ్ణి నేనే. రెండున్నరేళ్లు వచ్చినా వాడు పిలిస్తే పలకలేదు. పాటల ముక్కలు పాడేవాడు గాని, మంచినీళ్లు కావాలని అడగలేకపోయేవాడు. వైద్యుని వద్దకు తీసుకువెళ్లారు. చెవులు పరీక్షించారు, లోపం లేదన్నారు. మాటలు ఆలస్యం కావడానికి అనేక కారణాలుంటాయనీ, అందుకే మరికొన్ని పరీక్షలు చేస్తామనీ చెప్పి, ఆ లోగా తెర పూర్తిగా ఆపి మనుషులు మాట్లాడమన్నారు. ఏడాది నిండని శిశువులకు తెర అసలు కూడదనీ, రెండేళ్లు నిండేవరకూ వద్దనీ, ఆపై ఐదేళ్లలోపు పిల్లలకు రోజుకు గంటకు మించరాదనీ, అంతకన్న తక్కువైతే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పిందని అప్పుడు తెలిసింది.

"నాన్నగారూ, ఆపితే వాడు అన్నం ముట్టడు" అన్నది అమ్మాయి, కన్నీళ్లతో. తప్పు దానిది కాదు. ఉదయం ఎనిమిదింటికి ఇల్లు కదలవలసినవారు ఇంకేం చేస్తారు? నేనూ మీ అత్తయ్యా (పాఠకులలో కొందరు నా శిష్యులే కనుక ఆ వరుస వాడుతున్నాను) పెట్టె సర్దుకొని గూడెం చేరాం. మొదటి మూడు రోజులూ నరకం. వాడు కంచం విసిరికొట్టేవాడు. నాలుగోనాడు ఎత్తుకొని బజారుకు బయలుదేరాను. గూడెం ఉల్లిపాయల వ్యాపారం మీకు తెలిసిందే. లారీలనుంచి బస్తాలు దిగుతుంటే ఒక్కొక్కటే లెక్కపెడుతూ చెవిలో చెప్పేవాణ్ణి. అక్కడినుంచి స్టేషనుకు. వచ్చే రైలు, పోయే రైలు, ఆగని రైలు. ఎవరైనా చూస్తే తనలో తాను మాట్లాడుకొనే ముసలివాడనుకొనేవారు. కొందరు అనుకొన్నారు కూడా. వాడు బదులు పలకడు. నేను ఆపను. నలభై ఏళ్లు పాఠం చెప్పిన గొంతుకు అంతకన్న కష్టమైన తరగతి దొరకలేదు.

మూడు నెలలు గడిచాక ఒక ఉదయం, బస్తా చిరిగి ఉల్లిపాయలు రోడ్డుమీద దొర్లాయి. వాడు నా భుజం తట్టి, వేలు చూపి, "ఏంటి?" అన్నాడు. ఒక్కటే మాట. ఉల్లిపాయ అన్నాను. మళ్లీ "ఏంటి?" ఉల్లిపాయ. ఆ పూట ఎన్నిసార్లు అడిగాడో, ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇంటికి వచ్చి అమ్మాయితో చెబుదామంటే నా గొంతు పెగలలేదు.

అందరి ఇళ్లలోనూ ఇది ఇలాగే చక్కబడుతుందని నేను చెప్పను. పిల్లల మాట ఆలస్యమైతే ముందు వైద్యునికి చూపించాలి. ఇంట్లో తాత నాయనమ్మలు లేని కుటుంబాలకు ఇది ఎంత భారమో కూడా తెలుసు. అందుకే ఆలయాలు, ట్రస్టులు కొంత బరువు మోయవచ్చుననిపిస్తుంది. శ్రీరామనవమి పందిళ్లలో ఒకనాడు హరికథ జరిగేది. భాగవతారు కథ మధ్యలో ముందువరుస పిల్లలను పలకరించేవారు, వారిచేత గోవింద కొట్టించేవారు. నేడు చాలా పందిళ్లలో తెర కట్టి సినిమా వేస్తున్నారు. ఖర్చు తక్కువని కమిటీవారు చెబుతారు. హరికథకు అయ్యే ఖర్చు మైకు సెట్టు అద్దెకన్న మరీ ఎక్కువేమీ కాదని వారికి మనవి చేశాను. దాతలు తలచుకొంటే ఇది పెద్ద పని కాదు.

దాతల ప్రసక్తి వచ్చింది కనుక ఇంకొక మాట. మా బాలల తరగతికి ఒక భక్తుడు పెద్ద టీవీ ఇస్తానన్నారు. నేను వద్దంటానని అందరూ ఎదురుచూశారు. పుచ్చుకొన్నాను. రిమోటు మాత్రం నా చేతిలోనే ఉండాలన్నాను. ఇప్పటి రిమోటుకు ఒక గొప్ప గుణమున్నది. బొమ్మను ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుతుంది. మా లంకలో ఆ పని కరెంటు చేసేది. ఇప్పుడు ఆదివారం పావుగంట పాత మహాభారతం వేస్తాను. ఎవరైనా చేయెత్తితే ఆపుతాను. మొదటి వారం ఒక్కరూ చేయెత్తలేదు. ఆపడమంటే ఏమిటో వారికి తెలియదు. రెండో వారం జగ్గు కోతి అని చెప్పిన పిల్ల చేయెత్తింది. ఇప్పుడు పావుగంట కథకు గంట పడుతోంది. ఐదు నిమిషాల బొమ్మ కూడా సాగని రోజులున్నాయి.

మొన్నటి ఆదివారం హిడింబాసుర వధ ఘట్టం. భీముడు రాక్షసుణ్ణి చంపాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రాజు, చుట్కీ అని చెప్పిన బాలుడు మాత్రం చేయెత్తాడు. బొమ్మ ఆపాను.

"మాస్టారూ, వాళ్లన్నయ్యను చంపేశాడు కదా, మరి హిడింబి ఏడవలేదా?"

నలభై ఏళ్లుగా ఆ కథ చెబుతున్నాను. ఈ ప్రశ్న నాకెన్నడూ రాలేదు. వచ్చే ఆదివారం చెబుతానని వాడికి మాట ఇచ్చాను. సోమవారం నుంచి నన్నయగారి ఆదిపర్వం ముందేసుకొని కూర్చున్నాను.